వరుసలో చివరి చీటీ

మా సంఘంలో ప్రార్థన చీటీల పని నాకు అప్పగించి మూడేళ్లయింది. కరీంనగర్‌లో బైపాస్ దాటాక ఉన్న చిన్న మందిరం మాది. గుమ్మం పక్కన, కిరాణా కొట్లో చీటీలు గుచ్చేలాంటి ఇనుప కడ్డీ ఒకటి స్టూలు మీద ఉంటుంది. వచ్చినవాళ్లు తమ పేరు, ఎవరి కోసం ఏమని ప్రార్థించాలో రాసి దానికి గుచ్చి లోపలికి వస్తారు. పాటలయ్యాక నేను ఆ చీటీలు తీసి లాప్‌టాప్‌లో ఎక్కించి, పాస్టరు అయ్యగారి గదిలోని ప్రింటర్ మీద అచ్చు తీసి, చదివే పెద్దాయన చేతిలో పెడతాను. ఆయన రిటైరైన హెడ్‌మాస్టరు. సంఘమంతా సారు అనే పిలుస్తుంది. ఆయన ఒక్కొక్క పేరు చదువుతుంటే ఆ పేరుగలవారు లేచి నిలబడతారు, మిగతా అందరం ఆమేన్ అంటాం. నిలబడ్డ మనిషి కోసం ఆ వారమంతా ఇళ్లలో ప్రార్థన సాగుతుంది. మా దగ్గర అది మామూలు సంగతే. కానీ కష్టంలో ఉన్నవారికి ఆ నిలబడే ఒక్క క్షణం ఎంత అవసరమో నాకు తెలుసు. మా బాపు మంచంలో ఉన్న ఏడాది నేనూ అలా నిలబడ్డాను.

వారం రోజులు నేను చేసే ఉద్యోగమూ ఇలాంటిదే. కాలేజీలకు వెబ్‌సైట్లు రాసిచ్చే చిన్న కంపెనీలో పీహెచ్‌పీ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాములు రాస్తాను. హాజరు పట్టీలు, హాల్ టికెట్లు, లైబ్రరీ జాబితాలు, ఏది తీసినా లోపల ఉండేది అర్రేలే. అర్రే అంటే వరుసగా అరలున్న పెట్టె. అరకో నంబరు, అరలో ఒక వస్తువు. సండే స్కూల్లో మాకు బైబిల్ గ్రంథంలోని పుస్తకాల పేర్లన్నీ వరుసగా కంఠస్థం చేయించారు. ఎన్నోది అని అడిగితే పేరు చెప్పాలి, పేరు చెబితే ఎన్నోదో చెప్పాలి. కంప్యూటర్ సంస్థలో అర్రే పాఠం విన్న రోజు, లెక్క ఒకటికి బదులు సున్నా నుంచి మొదలవడం తప్ప నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు.

చీటీల ప్రోగ్రామ్ కూడా అంతే సులువుగా రాశాను. ఎవరు ముందు వస్తే వారి పేరు ముందు ఉండాలన్నది సారు పెట్టిన నియమం. పెద్ద ఉద్యోగమైనా కూలిపనైనా వచ్చిన వరుసే. అదంతా బాగానే నడుస్తుండగా ఒక ఆదివారం సారు కాగితం పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"ఏందమ్మా, బడిల హాజరు పిలిచినట్టు ఉత్త పేర్లు పిలుస్తున్నం. పెద్దా చిన్నా లేదా? అందరికీ ‘గారు’ పెట్టు."

నాకూ నిజమే అనిపించింది. ఆ శనివారం కూర్చుని ప్రోగ్రామ్‌లో ఇంకో చుట్టు, అంటే లూప్, చేర్చాను. అది మొదటి అర నుంచి చివరి అర దాకా వెళ్లి ప్రతి పేరు చివర ‘గారు’ తగిలిస్తుంది. ఆ తర్వాత, ముందునుంచీ ఉన్న రెండో చుట్టు పేర్లన్నీ అచ్చు వేస్తుంది. మరునాడు ఇరవై మూడు చీటీలు వచ్చాయి. కాగితం మీద ఇరవై మూడు వరుసలు వచ్చాయి. లెక్క సరిపోయింది కదా అని నేను ఇంకేమీ చూడలేదు.

ఆ రోజు చివరలో సారు చదువుతూ చదువుతూ ఆగాడు. మా సంఘంలో ఒక ఆటో డ్రైవరు ఉన్నాడు. వాళ్ల అమ్మ మోకాళ్ల నొప్పుల కోసం వారం వారం చీటీ వేస్తాడు. పొద్దున గిరాకీ చూసుకుని వస్తాడు కాబట్టి అతని చీటీ ఎప్పుడూ చివర్లోనే. అతని పేరు కాగితం మీద రెండుసార్లు ఉంది.

"ఏమయ్యా, మోకాలికో చీటీ ఏసినవా?" అన్నాడు సారు.

"లే సార్, ఒక్కటే ఏసిన."

"మరి రెండు రాసున్నయి గద!"

"రెండు మోకాళ్లున్నయి గద సార్" అన్నారు వెనక నుంచి ఎవరో. మందిరమంతా నవ్వింది. సారు పెన్ను తీసి రెండో పేరు కొట్టేసి కాగితం మడిచాడు. మరుసటి వారమూ అదే జరిగింది. ఆ పై వారమూ అంతే. మేము నవ్వడానికి అలవాటు పడ్డాం. అతను ఒక్కటే వేశానని ఒట్టు పెట్టబోతే, మందిరంలో ఒట్టేంటని సారు కోప్పడ్డాడు కూడా.

నాలుగో ఆదివారం అతని పేరు అసలు రాలేదు. కాగితంలో చివరి రెండు వరుసలూ ఒక కాలేజీ అమ్మాయివే, ఆమె పరీక్షల గురించే. ఆరాధన అయిపోగానే అతను నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"అక్కా, గీ వారం నన్ను లేపేసినవ్ గద! మా అవ్వ మోకాళ్లు మంచిగైనయని నీకెవలు చెప్పిండ్రు?"

పక్కనే ఉన్న సారు, "మూడు వారాలు డబులు సదివించుకున్నవ్, గీ వారం ఊకో" అన్నాడు.

"నవ్వకుండ్రి సార్. పొద్దుగాల పెద్దమ్మ గూడ గిట్లనే అన్నది. నేను సమజ్ చేసుకోలే" అన్నాడతను. అతని ముఖంలో నవ్వు లేదు.

పెద్దమ్మ అంటే పెద్దపల్లి వైపు ఊరి నుంచి బస్సులో వచ్చే మనిషి. బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతుంది. రెండు బస్సులు మారి వస్తుంది కాబట్టి అందరికంటే ఆఖరున చేరేది ఆమే. ఆ రోజు మాత్రం రాలేదు.

"బస్టాండు కాడ నా ఆటోనే ఎక్కింది. బిడ్డను దవాఖాన్ల షరీక్ చేసిండ్రట, ఆడికి పోనియ్యి అన్నది. మరి మందిరానికి రావా అని అడిగిన. ‘నేనిగ రాను బిడ్డా, పెద్దలు నా పేరు తీసేసిండ్రు. మూడు వారాల సంది చీటీ గుచ్చుతున్న, సదువుతలేరు’ అన్నది. అద్దంల చూస్తే ఏడుస్తుంది."

సారు ముఖం మారిపోయింది. ఎందుకో మా ముగ్గురికీ తెలుసు. రెండేళ్ల క్రితం ఆ పెద్దమ్మ తన కూతుర్ని మంచిర్యాలలో వేరే విశ్వాసంలో ఉన్న ఇంటికి ఇచ్చింది. పెళ్లి వాళ్ల పద్ధతిలోనే జరిగింది. సంఘ పెద్దలెవరూ వెళ్లలేదు. వెళ్లవద్దని గట్టిగా అన్నవాడు సారే. ఆనాటి నుంచి ఆమె వెనక చాప మీద, తలుపు పక్కన కూర్చునేది. ఇప్పుడు పేరు చదవకపోతే ఆమెకు తోచే కారణం ఒక్కటే.

"నేను తీసెయ్యలే" అన్నాడు సారు. "ఆ పేరు నా కాయిదంల లేనే లేదు. ఉంటే సదవకపోదునా?"

ప్రతి వారం చీటీలను నేను కవర్లో పెట్టి దాస్తాను. మూడు వారాల కవర్లు తెచ్చి చాప మీద పరిచాను. మూడింటిలోనూ ఆమె చీటీ ఉంది. బడి నోటు పుస్తకంలోంచి చింపిన కాగితం. నా బిడ్డకు బీపీ ఎక్కువున్నది, ఎనిమిదో నెల, తల్లీ పిల్లా దక్కాలె అని రాసి ఉంది. టైపు చేయడమే మరిచానా? ఆమె చీటీ చేత్తో పట్టుకుని, మనసు ఎక్కడో పెట్టి పక్కన పడేశానా? లాప్‌టాప్ తెరిచి చూస్తే, నేను ఎక్కించిన జాబితాలో ఆమె పేరు మూడు వారాలూ ఉంది. అచ్చు కాగితంలో లేదు. ఆమె ఉండాల్సిన చివరి వరుసలో ఆటో డ్రైవరు పేరు రెండోసారి ఉంది. ఈ వారం ఆమె లేదు కాబట్టి చివరి చీటీ అతనిది. పోయింది అతని పేరు.

ఎవరు చివర ఉంటే వారు పోతున్నారు. అది అర్థం కాగానే తప్పు ఎక్కడుందో నా కంటికి కనబడింది.

సారుకు అలాగే చెప్పాను. ‘గారు’ తగిలించే చుట్టులో నేను ఆంపర్సాండ్ (&) గుర్తు పెట్టాను. అది పెడితే అరలోని పేరుకు నకలు రాదు. ప్రోగ్రామ్ చెయ్యి నేరుగా అర లోపలే ఉంటుంది, అందుకే అక్కడి పేరును మార్చగలుగుతుంది. చుట్టు పూర్తయ్యేసరికి ఆ చెయ్యి చివరి అరలో ఉండిపోతుంది. దాన్ని బయటకు తీయమని మనమే చెప్పాలి. నేను చెప్పలేదు. తర్వాత అచ్చువేసే చుట్టు ఒక్కో పేరును తీసి అదే చేతిలో పెడుతూ వెళ్లింది. చెయ్యి చివరి అరలో ఉంది కదా, పెట్టిన ప్రతి పేరూ ఆ అరలోనే పడింది. చివరి వంతు వచ్చేసరికి అక్కడ పెద్దమ్మ పేరు లేదు. ఆమెకు ముందున్న పేరు ఉంది. మొత్తం లెక్క మాత్రం తగ్గలేదు, అందుకే నాకు అనుమానం రాలేదు.

"అంటే చెయ్యి తియ్యకపోవుడే తప్పా?" అన్నాడు సారు.

"అవును సార్."

"గంతేనా?"

"గంతే. ఒక్క లైను."

‘అన్‌సెట్’, అంటే చెయ్యి తియ్యి, అని ఆ ఒక్క లైను రాసి మళ్లీ అచ్చు తీశాను. మూడో వారం కాగితం చివరన ఆమె పేరు వచ్చింది. నేను అక్కడే చాప మీద మోకరించాను. తప్పు నాదని తేలి అంతగా ఊపిరి పీల్చుకున్న రోజు నా ఉద్యోగంలో మరొకటి లేదు. ఎవరూ ఆమె పేరు కొట్టెయ్యలేదు. ఎవరి మనసులోనూ ఆ పాపం లేదు. నా గుర్తు ఒకటి అరలో మిగిలిపోయింది, అంతే.

"దేవుడు కాయిదం చూసి ఇంటడా సార్?" అన్నాడు ఆటో డ్రైవరు నన్ను ఓదార్చడానికి.

"ఆయనకు కాయిదం అక్కెర లేదు. ఆమెకున్నది" అన్నాడు సారు. "ఆటో తియ్యి. నేనే చెప్పాలె."

ఆసుపత్రి రెండో అంతస్తులో, వార్డు తలుపు బయట బల్ల మీద ఆమె కూర్చుని ఉంది. ఒళ్లో ప్లాస్టిక్ బుట్ట. సారును చూసి ఉలిక్కిపడి కొంగు తల మీదికి లాక్కుని లేచింది. నేను కాగితాలు తీసి, అరలూ చెయ్యీ అంటూ మొదలుపెట్టాను.

"నాకు గవన్ని తెల్వయి బిడ్డా" అంది ఆమె నా మాటకు అడ్డొచ్చి. "ఒక్కటి చెప్పు. సారు నా పేరు కొట్టేసిండా, లేదా?"

"కొట్టెయ్యలే పెద్దమ్మా. నేను అందరికీ ‘గారు’ పెట్టబోయి నీ పేరు పోగొట్టిన."

ఆమె నన్నే చూసింది. కళ్లలో నీళ్లు, పెదవి మీద నవ్వు ఒకేసారి వచ్చాయి. "నాకు గారెందుకు బిడ్డా! బడిల పోరలు వంటామె అంటే పలుకుత. గింత సదువు సదివి గదేం పని?"

"పెద్దమ్మా, నీ ప్రార్థన గూడ మా అవ్వ మోకాళ్లకే పోయింది" అన్నాడు ఆటో డ్రైవరు.

"మరి తగ్గినయా?"

"కుడిది జర నయం."

ఆమె గట్టిగా నవ్వింది. నర్సు తలుపు తీసి చూసింది. సారు మాత్రం నవ్వలేదు. చేతికర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని నిలబడ్డాడు.

"పేరు పోవుడు కంప్యూటరు తప్పు. నీ బిడ్డ పెండ్లికి రాకపోవుడు నా తప్పు. దాన్ని దేని మీద పెట్టను?"

ఆమె బుట్టను పక్కకు జరిపి బల్ల మీద చోటు చేసింది. "కూసో సార్. కాళ్లు గుంజుతయి" అంది. సారు కూర్చున్నాడు. కూతురి పేరు, ఇంకా పుట్టని బిడ్డ సంగతి, ఆ ఇంటివాళ్లందరి క్షేమం చెప్పి ప్రార్థించాడు. అల్లుడి తల్లిదండ్రులను కూడా కలిపాడు. అది ఆయన నోట నేను వినడం మొదటిసారి.

ఆమేన్ అన్నాక లోపలి మంచం మీద నుంచి కూతురి గొంతు వచ్చింది. "అవ్వా, ఇగనన్న తింటవా?"

అప్పుడు కూతురే చెప్పింది. మొదటి వారం పేరు చదవని రోజు నుంచి ఆమె పొద్దు గూకే దాకా ఏమీ ముట్టడం లేదు. తాను చేసిన తప్పేదో తనకే తెలియాలని ఉపవాసం ఉంది. బడిలో వందమంది పిల్లలకు వండి వడ్డించి, తాను మంచినీళ్లు మాత్రం తాగి ఇంటికి పోయేది.

"ఉపాసం చాలమ్మా. చెయ్యని తప్పుకు ఉపాసమేంది?" అన్నాడు సారు.

ఆమె బుట్టలోంచి టిఫిన్ డబ్బా తీసింది. పొద్దున అల్లుడు మంచిర్యాల నుంచి తెచ్చినది, కూతురి అత్తగారు వండి పంపినది. మధ్యాహ్నం మూడు కావస్తోంది. మూతలో అన్నం పెట్టుకుని, పప్పు కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుని నమిలింది.

"మా వియ్యపురాలికి ఉప్పెయ్యరాదు" అంది, ఇంకోసారి అన్నం పెట్టుకుంటూ.