గోదారి ఒడ్డు బాటకు తాళం

ఆ రోజుల్లో కొత్తగా ఉద్యోగం వచ్చినవాడికి లోకమంతా తన సంతకం కోసమే ఎదురుచూస్తున్నట్టు ఉండేది. గోదావరి ఒడ్డున మా యూనివర్సిటీ కాలేజీలో అందరికన్నా చిన్న లెక్చరర్ని నేను. కాలేజీ ఆవరణలోంచి, ఏటి వెంబడి ఒక కాలిబాట పోయేది. కాలేజీ పుట్టకముందే, భద్రాచలం రాములవారి దర్శనానికి నడిచివెళ్లే జనం తరతరాలుగా తొక్కిన బాట. పశువులు పూలమొక్కలు మేస్తున్నాయని పెద్దసారు (మా ప్రిన్సిపాల్) దానికి అడ్డంగా ఇనుప గేటు పెట్టించి, తాళంచెవి జేబులో వేసుకుని ఖమ్మం మీటింగుకు వెళ్లారు. గేటు బాధ్యత మాత్రం నాకు అప్పగించారు.

ఆ మధ్యాహ్నమే డప్పు వినిపించింది. పక్క గూడెంలో ఆకుకూరల అవ్వ పోయింది. హాస్టల్‌కు తోటకూర తెచ్చినప్పుడల్లా "మంచిగ తిను బిడ్డా, గాలికి కొట్టుకపోయేటట్టున్నవ్" అని నన్ను మందలించే మనిషి. పాడె గేటు ముందు ఆగింది. శ్మశానం రేవు పక్కనే. అక్కడికి వేరే దారి లేదు.

"తాళం తియ్యుండ్రి సారూ" అన్నాడు ఆమె కొడుకు.

"చెవి ఖమ్మం పోయింది" అన్నాను. అంతకన్నా తెలివైన మాట తోచలేదు.

అతను కోప్పడలేదు. "మా అవ్వ పెండ్లయి గీ తొవ్వలనే వచ్చింది సారూ. ఇప్పుడేడికి తీస్కపోవాలె?"

నేను రాయి తీసుకున్నాను. ఉద్యోగం పోతుందన్న భయంతో మొదటి దెబ్బ మెల్లగా పడింది. రెండోది నా వేలి మీద పడింది. ఆ తర్వాత డప్పు కొట్టే ఆయన, అలవాటు కొద్దీ, నా దెబ్బకు దెబ్బ కలిపాడు. ఆడవాళ్లు మొహాలకు కొంగు అడ్డం పెట్టుకున్నారు (ఏడుపుకో, నవ్వుకో నాకిప్పటికీ తెలియదు). తాళం ఊడింది. "జర భుజం పట్టుండ్రి" అన్నారెవరో. ఇస్త్రీ చొక్కాతోనే పట్టాను. అవ్వ బరువే లేదు.

రేవులో మునిగి తడిబట్టలతో వస్తుంటే, విరిగిన తాళం పట్టుకుని పెద్దసారు ఎదురయ్యారు.

"ఏందయ్యా ఇది?"

"అవ్వ పోయింది సార్."

"ఆకుకూరల అవ్వనా?"

"అవ్ సార్."

ఆయన విరిగిన తాళం జేబులో వేసుకున్నారు. "బట్టలు మార్చుకోపో, జలుబు చేస్తది" అన్నారు. మర్నాడు గేటు పీకించి, పూలమొక్కల చుట్టూ కంచె వేయించారు.

రిటైరయ్యాక, మొన్నామధ్య ఆ బాటన మెల్లగా నడుస్తున్నాను. వెనకనుంచి పుస్తకాలతో ఇద్దరు ఆడపిల్లలు వచ్చి, "జర పక్కకు జరుగు తాతా, జల్దీ పోవాలె" అన్నారు. నేనిక్కడ ఒకప్పుడు సారునని చెబుదామని గొంతు సవరించుకునేలోగా మలుపు తిరిగిపోయారు. నాలో నేనే నవ్వుకుని, ఇంకాస్త పక్కకు జరిగి నడిచాను.