బుద్ధుడి మాటేనా?

ఉదయం ఏడింటికి ప్రొద్దుటూరు బస్టాండులో జమ్మలమడుగు బస్సెక్కాను. ఇడ్లీ పొట్లం చేతిలోనే ఉంది, తినబుద్ధి కాలేదు. ఆ మధ్యాహ్నం పులివెందులలో, పోయిన నా మిత్రుడు దేవదానం ఆదరణ కూడిక, అంటే సంస్మరణ ప్రార్థన. పుట్టింది క్రైస్తవ కుటుంబంలోనే అయినా, చివరి రోజుల్లో వాడు పట్టుకు కూర్చున్నది ఒక్క పేజీ బౌద్ధ సూత్రాన్ని. దాన్ని తన కూడికలో నేనే చదవాలని మాట తీసుకుని మరీ పోయాడు.

జమ్మలమడుగులో వాడి అన్న సామేలు పాస్టరు కలిశాడు. ఇద్దరం పులివెందుల బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. ముద్దనూరు దాటాక ఆయన నా వైపు తిరిగాడు.

"ఒగటే అడుగుతాండా అప్పా. నువ్వు చదవబోయేది బుద్ధుడు చెప్పిందేనా? కాకుంటే నా తమ్ముని కూడికలో వద్దు."

అవునంటే సరిపోయేది. ఆ ముఖం చూస్తూ అబద్ధమాడటం నా వల్ల కాలేదు. అది బుద్ధుడి తర్వాత కొన్ని వందల ఏళ్లకు పుట్టిందన్నాను. పెద్ద గ్రంథంలోంచి ముక్కలు తీసి చైనాలో కూర్చారనీ, సంస్కృతంలోకి ఆ తర్వాతే మార్చారనీ కొందరు పండితులంటారు, మరికొందరు ఒప్పుకోరు. శ్రీలంక బౌద్ధుల పిటకాల్లో అది లేదు. టిబెట్‌లో, జపాన్‌లో మాత్రం నిత్యం చదువుతారు.

"అయితే రాసిందెవురు?"

"తెలియదు."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. బయట బత్తాయి తోటలు. ఇచ్చిన మాట పోయినట్టేనని బెంగ పట్టుకుంది, నిజం చెప్పిన నా నోటి మీద నాకే కోపం వచ్చింది.

కూడికలో పాటలయ్యాయి, వాక్యం చెప్పడం కూడా అయింది. ముగింపు ప్రార్థనకు లేచిన సామేలు నా వైపు చూశాడు.

"చదువప్పా."

నేను లేవగానే అలవాటు కొద్దీ అందరూ బైబిళ్లు తెరిచారు. ముందు వరుసలో దేవదానం మేనత్త పేజీలు తిప్పుతూ అడిగింది.

"యాడుందప్పా అది? ఏ అధ్యాయం?"

సామేలే అందుకున్నాడు.

"మన దాంట్లో లేదత్తా. మూసిపెట్టి ఇను."

ఒక్కొక్కటిగా బైబిళ్లు మూతపడ్డాయి. చివరిదాకా చదివాను. ఎవరూ లేచి పోలేదు.

సాయంత్రం తిరుగు బస్సులో, మనసెందుకు మార్చుకున్నారని సామేలును అడిగాను.

"మా బైబిల్లోనూ ఒక పత్రిక, అదే ఒక ఉత్తరం, ఎవురు రాసిందీ తేలలే. ఇన్నేండ్లుగా సావుల కాడ దాన్నే చదువుతాండా. ఎవురన్నా అడుగుతారేమోనని శానా బయం."

"ఎవరూ అడగలేదా?"

"అడిగినోడు ఒగడే. కసిరి పంపిస్తి. మళ్లా మా చర్చికి రాలేదు."

ఆ ఒక్కడెవరో నాకు తెలిసిపోయింది. జమ్మలమడుగులో దిగేదాకా ఆయన తమ్ముడి పేరెత్తలేదు, నేనూ ఎత్తలేదు.