దేవదానం సార్ వదులు చేయించిన పట్టీ

గత గురువారం పొద్దున మొదటి షిఫ్టుకు బయలుదేరుతుండగా ఫోన్ మోగింది. దేవదానం సార్ బిడ్డ సునీత. "అన్నా, బాపు పోయిండు" అని ఫోన్ పెట్టేసింది. మూడు వారాలుగా సార్ కిడ్నీల జబ్బుతో కరీంనగర్ ఆస్పత్రిలో ఉన్న సంగతి నాకు తెలియనిది కాదు. అయినా మనసు సన్నద్ధం కాలేదు. బూట్లు తొడుక్కున్న కాళ్లతోనే గడపలో కూలబడ్డాను. పితృసమానుడైన గురువును కోల్పోయిన దుఃఖానికి అక్షరరూపమిచ్చే పాండిత్యం గనిలో మట్టి మోసే డంపర్ బండి నడుపుకునే నాకు లేదు. వచ్చిన మాటలతోనే రాస్తున్నాను.

బొగ్గుగనుల్లో ప్రమాదం జరిగితే విషవాయువుల మధ్యకు వెళ్లి మనుషులను బయటికి తెచ్చే రెస్క్యూ దళానికి ఆయన శిక్షకులు. భూగర్భ గనిలో పనిచేసిన రోజుల్లో నేనూ ఆయన శిష్యుణ్ణే. పొగ నింపిన గదిలోకి పంపేముందు ఒక్కొక్కరి వెనక నిలబడి, మాస్కు పట్టీ కింద వేలు పెట్టి చూసేవారు. వేలు దూరితే ఆ పూటకు బయటే. "వేలు పట్టిందంటే గ్యాసు పట్టినట్టే. పొయ్యి బిగించుకరాపో" అనేవారు. చాటుగా ఎంత తిట్టుకునేవాళ్లమో. ఆదివారం చర్చిలో వాక్యం చదివే ఆ మెత్తని గొంతు, ఈ గొంతు ఒకటేనా అని ఆశ్చర్యం వేసేది.

సంస్మరణలో సొంత గోడు సముచితం కాదంటారు. ఆ గోడు చెప్పకపోతే సార్ ఎవరో మీకు తెలియదు, కనుక చెప్తాను. తర్వాత నేను ఓపెన్‌కాస్టులో, అంటే నేలను పైనుంచి తవ్వే గనిలో, డంపర్ ఆపరేటర్‌నయ్యాను. రెండేళ్ల కింద, పట్టపగలు, స్టీరింగ్ మీద కునుకు పట్టింది. కళ్లు తెరిచేసరికి ముందు చక్రం, మట్టి పారబోసే డంపు అంచున అడ్డంగా పోసిన మట్టికట్టను ఎక్కి ఆగి ఉంది. ఎవరూ చూడలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు. చెప్తే బండి దింపుతారని భయం. నిద్రలో నా గురక ఉన్నట్టుండి ఆగిపోతుందని, ఊపిరి మళ్లీ అందేదాకా తన ప్రాణం గిలగిలలాడుతుందని మాత్రం నా భార్య సార్ భార్య సుశీలమ్మ దగ్గర ఏడ్చింది. మర్నాడే సార్ మా ఇంటికి వచ్చారు.

ఆయన పోరు పడలేక కరీంనగర్‌లో నిద్ర పరీక్ష చేయించుకున్నాను. నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి ఊదే మిషను, దానికి ముక్కు మాస్కు ఇచ్చారు. తెచ్చిన రోజే, సార్ నేర్పిన విద్య కదా అని, పట్టీలు ప్రాణం పోయేలా బిగించాను. తెల్లారేసరికి ముక్కు మీద పుండు. అంత బిగించినా గాలి బుస్సుమని కళ్లలోకే కొట్టింది. మూడు రోజులు ఓర్చుకుని బీరువా మీద పడేశాను.

అది చూసి సార్ మండిపడతారనుకున్నాను. ఆయన కళ్లద్దాలు తీశారు. ముక్కు మీద, సరిగ్గా నాకు పుండైన చోటే, నల్లటి మచ్చ. ఆయనకూ అదే జబ్బు. ఏడాదిగా ఆయన మిషనూ పెట్టెలోనే ఉంది. ఎందరికో మాస్కు తొడిగిన మనిషి, తన మాస్కు పడటం లేదని ఎవరికీ చెప్పుకోలేకపోయారు.

మరునాడు నన్ను వెంటబెట్టుకుని కరీంనగర్ వెళ్లారు. మాస్కులు అమర్చే అమ్మాయికి ఇరవై మూడేళ్లుంటాయేమో. సార్‌ను పడుకోబెట్టి, మిషను నడుస్తుండగానే పట్టీలు వదులు చేసింది. మరీ బిగిస్తే మాస్కు అంచు మెత్త నలిగి సందుల్లోంచి గాలి పోతుంది తాతా అని చెప్పింది. నాకు చిన్నతనంగా అనిపించింది, తల దించుకున్నాను. సార్ మాత్రం "మళ్లొక్కసారి చూపెట్టు బిడ్డా" అని శ్రద్ధగా నేర్చుకున్నారు. తిరుగు బస్సు సుల్తానాబాద్ దాటింది. అప్పుడన్నారు: "గాడ బయటి గాలి లోపటికి రావద్దని బిగిస్తం రాజేశం. గీడ వచ్చే గాలి మనకోసమే వస్తది. ఏడాది సంది అడగకపోతిని, నాదే తప్పు." ఆయన నోట తప్పు అన్న మాట తన విషయంలో వినడం నాకు అదే మొదలు.

ఆ నెలంతా మధ్యాహ్నాలు వాళ్లింట్లో రెండు మంచాల మీద ఇద్దరం మాస్కులతో పడుకున్నాం. మొదట పది నిమిషాలు, తర్వాత అరగంట. నిద్రపోవాలన్న నియమం లేదు, ఉంచుకుంటే చాలు. సుశీలమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ మమ్మల్ని చూసి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. ఒకరోజు నేను నిజంగానే నిద్రపోయాను. లేచేసరికి సార్ తన మాస్కు తీయకుండానే నా వైపు చూస్తున్నారు. ఆ కళ్లలో తడి చూశాను. ఆ పూటే స్టీరింగ్ మీద కునుకు పట్టిన సంగతి ఆయనకు చెప్పేశాను.

ఆపై ఆయన అన్న మాట నాకు చేదుగా తగిలింది. డాక్టరు సరేననేదాకా బండి ఎక్కొద్దు, కునుకు సంగతి ఆఫీసర్‌కు నువ్వే చెప్పాలి అన్నారు. నా పొట్ట కొట్టకండి అని ఎగిరిపడ్డాను. ఆయన గొంతు పెంచలేదు. "నీ బండి ముంగట ఎవరున్నరో నిద్రల నీకు ఎర్కైతదా?" అన్నారు. వారం రోజులు ఆయన గడప తొక్కలేదు. ఎనిమిదో రోజు నేనే వెళ్లి పిలిస్తే నాతోపాటు ఆఫీసుకు వచ్చారు. నా పక్కన నిలబడి ముందు తన జబ్బు తానే చెప్పుకున్నారు, ఆ వెనక నేను నా కునుకు సంగతి చెప్పాను. నాలుగు నెలలు యార్డులో పనిచేసి మళ్లీ బండి ఎక్కాను.

శుక్రవారం సమాధి కార్యక్రమంలో ఆయన ధైర్యసాహసాల గురించి పెద్దలు ఎన్నో చెప్పారు. అవన్నీ నిజమే. కానీ, తనకు రానిది ఒక చిన్నపిల్ల దగ్గర నేర్చుకున్న ఆ వినయాన్ని ఎవరూ చెప్పలేదు. నేనూ లేచి చెప్పలేకపోయాను. అటువంటి గురువు మా బొగ్గుబాయిలకు మళ్లీ దొరకడు.

ఇంటి దగ్గర ప్రార్థన అయ్యాక సుశీలమ్మ నన్ను పక్కకు పిలిచింది. నా ముఖం తేరిపార చూసి, "గిట్ల ఏడిస్తే ముక్కు మూసుకపోతది బిడ్డా. మాస్కెట్ల పెట్టుకుంటవు? రేపు బండి ఎక్కుతవా?" అంది. భర్తను మట్టిలో పెట్టి వచ్చిన తల్లి అడిగిన మాట అది. నిన్న రాత్రి మాస్కు పెట్టలేదని ఒప్పుకున్నాను.

బయటికి వచ్చి ఆఫీసర్‌కు ఫోన్ చేశాను. నిద్ర లేదు సార్, మాస్కు పెట్టుకోలేదు, రేపు నేను బండి ఎక్కను అని ఉన్నదున్నట్టు చెప్పాను. దేవదానం సార్ పక్కన లేకుండా ఆ మాట చెప్పడం నాకు అదే మొదటిసారి.