కొంగు కింద చేతులు

మా అక్కకు పుట్టుకతోనే చెవుడు. మాట రాలేదు. అయినా ఎమ్మిగనూరులో మా ఇంట్లో ఆమెకంటే వాగుడుకాయ ఎవరూ లేరు. ముక్కు పక్కన వేలు పెడితే అమ్మ. అది ముక్కుపుడక గుర్తు. కుడి కనుబొమ్మ మీద గీత గీస్తే నేను. చిన్నప్పుడు మగ్గం గుంటలో పడితే నాకు అక్కడ మచ్చ మిగిలింది. ఆ రోజు నన్ను ఎత్తుకుని పరిగెత్తింది అక్కే. రాట్నం ముందు కండెలు చుడుతూ, మధ్యలో చేతులు ఖాళీ చేసుకుని వీధి వీధినంతా వెక్కిరించేది. అమ్మ నవ్వలేక కడుపు పట్టుకునేది.

పంతొమ్మిది వందల యాభైల్లో నేను మద్రాసులో యూనివర్సిటీ చదువుకు వెళ్లాను. చెవిటివాళ్లకు పాఠాలు చెప్పే చదువు. చేతులు ఆడినంతకాలం నోరు పెగలదని, సైగకు జవాబివ్వకూడదని అప్పట్లో మాకు నేర్పారు. ఆ మాట కింద నేను రెండు గీతలు గీసుకున్నాను. సెలవుల్లో ఒకరికి మాట నేర్పి రిపోర్టు రాయాలన్నారు. నా రిపోర్టులో 'మా అక్క' అని రాయడానికి నామోషీ. 'ఒక నేతపని స్త్రీ' అని రాశాను.

ఇంటికొచ్చిన మర్నాడే చట్టం పెట్టాను. అక్క చేయి ఎత్తితే ఎవరూ చూడకూడదు, ఏం కావాలన్నా నోటితోనే అడగాలి.

"ఎట్లప్పా? దానికి ఆ చేతులే గదా నోరు?" అంది అమ్మ.

"నీకు తెలీదు, ఊరకుండమ్మా."

"సదువుకున్నోనివి, నువ్వు సెప్తే సరేలే," అని తల తిప్పుకుంది.

రోజూ అక్కను ఎదురుగా కూర్చోబెట్టి, చేతులు తొడల కింద పెట్టుకోమనేవాణ్ణి. అవి నిలవకపోతే మగ్గం నూలుతో మణికట్లు కట్టాను. నేనే కట్టాను. అక్క కొత్త ఆట అనుకుని నవ్వింది. వారం తిరిగేసరికి కట్టు అక్కర్లేకపోయింది.

పదో రోజు అన్నం దగ్గర పంతం పట్టాను. కంచం నా ముందు పెట్టుకుని 'అన్నం' అనమన్నాను. నా పెదాలు చూసి గొంతు చించుకుంది. అరుపు వచ్చింది. కాదన్నాను. మళ్లీ అరిచింది. మళ్లీ కాదన్నాను. చివరికి చేతులు బయటికి తీసి, కనుబొమ్మ మీద గీత గీసి, కడుపు చూపించింది. తమ్ముడా, ఆకలి! నాకు ముద్దలు కలిపి పెట్టి పెంచిన మనిషి ఆకలంటే నేను గోడవైపు తిరిగాను. థూ, అదీ ఒక చదువేనా!

అమ్మ కంచం లాక్కుంది. "నీ సదువు మన్నుగాను! తిననీప్పా దాన్ని!"

అక్క ముట్టలేదు. లేచిపోయి రాట్నం ముందు కూర్చుంది.

నెలాఖరుకు 'అమ్మ' లాంటిదొకటి పలికింది. ఆ పిలుపుకు అమ్మ సంతోషించలేదు. "నాతో ఏమీ సెప్పడం ల్యాదప్పా," అని ఏడ్చింది. 'సైగలు పూర్తిగా మానివేసినది' అని నేను రిపోర్టులో రాసుకున్నాను. దానికి మంచి మార్కులు కూడా వచ్చాయి. తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తలేను.

తిరుగు ప్రయాణం రోజు ఆదోనిలో రైలు అందుకోవాలని బస్సెక్కాను. అక్క కిటికీ దగ్గరికి వచ్చింది. నా చట్టాన్ని నేనే మరిచి, కనుబొమ్మ మీద గీత గీసి, పోయొస్తానని చేత్తో చెప్పాను. అక్క నా చేతిని చూడలేదు. నేను నేర్పినట్టే నా నోటివైపు చూస్తూ నిలబడింది. బస్సు కదిలినా ఆమె చేతులు కొంగు కిందే ఉన్నాయి.