ఒంటిగుండు రైఫిల్‌కు మందు కూరిన రోజులు

నేను పదవీ విరమణ చేయడానికి ముందటి ఏడాది జూన్‌లో మా ప్రయోగశాల నాకు ఒక వింత పని అప్పగించింది. సింగపూర్ పడమటి వైపున, జురాంగ్ ఈస్ట్ దాటాక వచ్చే పారిశ్రామిక వాడలో ఉండేది మా సంస్థ. బ్యాంకు కౌంటర్లకు, నగదు వ్యాన్లకు బిగించే గుండు దూరని అద్దాలను నిజంగానే తుపాకితో కాల్చి పరీక్షించడం మా వృత్తి. అందులో నేను సీనియర్ టెస్ట్ ఇంజినీర్‌ని. తుపాకి నా చేతికి రాదు. ఏ గుండు, ఎంత దూరం నుంచి, ఎంత వేగంతో తగలాలో నిర్ణయించి, వచ్చిన ఫలితం మీద సంతకం పెట్టడం నా పని. కాల్చేవాడు టాన్. అతని హోదా ఆర్మరర్, అంటే ఆయుధాల సంరక్షకుడు. మా ఇద్దరి మీద మేనేజర్ శ్రీకాంత్. కరీంనగర్ మనిషి, నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడు, నన్ను అక్కా అనేవాడు.

పని తెచ్చినావిడ పేరు నూర్. ఒక మ్యూజియంలో క్యూరేటర్. సుమారు నూట నలభై ఏళ్ల కిందట ఈ ద్వీపంలో కాపలా కాసిన సైనికుల ఒంటిగుండు రైఫిల్‌ను ప్రదర్శనకు పెడుతున్నారు. ఒక్కో గుండు చేత్తో దోపి పేల్చాల్సిన తుపాకి అది. దాని పక్కన గోడ మీద రాయాల్సిన వాక్యం గురించి వాళ్లలో వాళ్లకే తగువు వచ్చింది. ‘పొగ ఎక్కువ, గురి తక్కువ’ అని సలహాదారు రాయమన్నాడట. ఆవిడ దాన్ని నమ్మలేదు. అచ్చం అలాగే కొత్తగా తయారు చేసిన రైఫిల్‌ను తుపాకులు సేకరించే ఒకాయన దగ్గర అడిగి తెచ్చి, మీరు కాల్చి చూపించండి అంది. షరతు ఒక్కటే. పది గుళ్లు వరసగా పేల్చాలి, మధ్యలో తుపాకి గొట్టం తుడవకూడదు. యుద్ధంలో సైనికుడు తుడుచుకుంటూ కూర్చోడు గదా అని ఆవిడ వాదన. యాభై మీటర్ల దూరంలో పది చిల్లులూ ఒక కాఫీ కప్పు మూతి కింద ఇమిడిపోతే ఆవిడ గెలిచినట్టు. లేకపోతే సలహాదారు వాక్యమే గోడకెక్కుతుంది.

ఆ తుపాకిలో వాడేది పాతకాలపు మందు. బొగ్గు, గంధకం, సురేకారం కలిపింది. ఇంగ్లీషులో బ్లాక్ పౌడర్ అంటారు. దాన్ని తెలుగు చేయబోయి నేను ఇబ్బందిలో పడ్డాను. పుంగ్గోల్‌లోని మా ఇంటికి ట్రైనులో వెళ్తూ మా ఆయనకు ఫోన్ చేసి, రేపటి నుంచి నల్లమందుతో పని అని హుషారుగా చెప్పాను.

“కాస్త మెల్లగా మాట్లాడు. నల్లమందుకు ఈ దేశంలో ఉరి వేస్తారు. పక్కన తెలుగువాళ్లెవరైనా ఉన్నారేమో చూశావా?” అన్నారాయన.

ఎదురు సీట్లో ఒక తెలుగు కుర్రజంట ఉండనే ఉంది. ఇద్దరూ తర్వాతి స్టేషన్‌లో దిగిపోయారు. ఆ రోజు నుంచి దాన్ని తుపాకి మందు అనే అంటున్నాను.

పోలీసు అనుమతి లేకుండా ఇక్కడ చిటికెడు మందు కూడా కదలదు. మాకిచ్చిన అనుమతి ఒక శుక్రవారంతో ముగుస్తుంది. ఆ సాయంత్రం మిగిలిన మందును తిరిగి అప్పగించాలి.

ఒక తుపాకికి నప్పే మోతాదు పుస్తకంలో దొరకదు, వెతుక్కోవాలి. తక్కువ మందుతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచుతూ పోతాం. ప్రతి మోతాదుకూ కొన్ని తూటాలు కట్టి, కాల్చి, చిల్లులు ఎంత దగ్గరగా పడ్డాయో కొలుస్తాం. ఒకసారికి ఒక్కటే మార్చాలన్నది నియమం. ఇత్తడి తొడుగులో మందును పొడవాటి గొట్టంలోంచి సన్నని ధారగా పోస్తే గింజలు సర్దుకుని కూర్చుంటాయి. లోపల గాలికి చోటు మిగలకూడదు, మిగిలితే ప్రమాదం. దాని మీద అట్టబిళ్ల, ఆ పైన సీసంలో కాస్త తగరం కలిపి పోసిన గుండు. గుండుకు మైనం, కొవ్వు కలిపి పూయాలి. తూటాలకు పూసిన కొవ్వు మీద మన దేశంలో ఎంత రభస జరిగిందో నాకూ తెలుసు, నూర్‌కూ తెలుసు. ఇద్దరం కూడబలుక్కుని గొర్రె కొవ్వు దగ్గర రాజీపడ్డాం.

మొదటి గుండు పేలింది. మా మామూలు తుపాకులు చెంప మీద కొట్టినట్టు టప్‌మని మోగుతాయి. ఇది భూమి లోపలి నుంచి దుమ్‌మంది. వెనకే తెల్లటి పొగ గదంతా నిండి, టాన్ కనిపించకుండా పోయాడు. పొగలోంచి అతని గొంతు ఒక్కటే, ఇక్కడివాళ్లు మాటకు తగిలించే ‘లా’తో సహా వచ్చింది. “మేడం, ఇది రైఫిల్ కాదు లా, పొగగొట్టం.” నాకు నవ్వు ఆగలేదు. నా ఉద్యోగ జీవితంలో కొన్ని వేల గుళ్ల ఫలితాలు చూశాను, ఒక్కదానికీ నవ్వలేదు. సాయంత్రం ట్రైనులో నా బట్టలూ, టాన్ బట్టలూ కుళ్లిన కోడిగుడ్ల కంపు కొట్టాయి. అంత రద్దీలోనూ మా పక్క సీట్లు ఖాళీగానే ఉన్నాయి.

గురి మాత్రం కుదరలేదు. ఏ మోతాదైనా మొదటి మూడు చిల్లులు ఒకదాన్నొకటి ఒరుసుకుని పడేవి. నాలుగోది పక్కకు జరిగేది. ఆ తర్వాతివి పెళ్లిలో అక్షింతల్లా చెదిరేవి. మందు పెంచాం, తగ్గించాం. అట్టబిళ్ల మందం మార్చాం. తగరం పాలు మార్చాం. ఫలితం అదే. కారణం తెలుస్తూనే ఉంది. ఈ మందు సగానికి పైగా మసిగా మిగులుతుంది. ఆ మసి గొట్టంలో పెంకులా గట్టిపడి తర్వాతి గుండును దారి తప్పిస్తోంది.

పందేలలో కాల్చేవాళ్లకు దీనికో ఉపాయం ఉంది. తుపాకి ఖాళీగా ఉందని చూసుకుని, వెనక తలుపు తెరిచి, ఒక సన్నగొట్టంతో లోపలికి నోటితో ఊదుతారు. ఊపిరిలోని తేమకు మసి మెత్తబడుతుంది. మేమూ తలా ఒక గొట్టం పెట్టుకుని వంతులవారీగా ఊదాం. శ్రీకాంత్ ఊది ఊది కళ్లు తిరిగి కుర్చీలో కూలబడ్డాడు. “అక్కా, దమ్ము అయిపోయింది, ఇగ నాతోని కాదు,” అంటూనే పగలబడి నవ్వాడు. అతన్ని చూసి నేను, నన్ను చూసి టాన్. అందరికీ తల తేలిపోతోంది. ఆ పూట పది చిల్లులూ కప్పు కిందికి వచ్చాయి.

నూర్ వచ్చి చూసి, మెచ్చుకుని, ఒప్పుకోనంది. సైనికుడు తుడవడన్నాను, ఊదుతాడని అన్నానా అని అడిగింది. ఆవిడ మాట న్యాయమే. అప్పటికి గురువారం మధ్యాహ్నమైంది.

నేను టిఫిన్ డబ్బా తీసుకుని బయటికి నడిచాను. తలుపు దాటగానే నా కళ్లద్దాలు తెల్లగా మసకబారాయి. చల్లటి గదిలోంచి ఈ ఊరి గాలిలోకి వస్తే ఎవరికైనా జరిగేదే. కొంగుతో తుడవబోయి చెయ్యి ఆపేశాను. అద్దం మీద ఉన్నది నీళ్లు. మేము రోజల్లా నోటితో ఊదుతున్నదీ అదే. బయట అది ఊరికే దొరుకుతోంది. ఏసీ పెట్టి, ఆ గాలిని ఎండబెట్టి మరీ మేము కాలుస్తున్నాం. ఆ సైనికుడికి ఏసీ ఎక్కడిది?

డబ్బా తెరవకుండానే లోపలికి పరుగెత్తాను. ఆ వయసులో పరుగేమిటని టాన్ కంగారుపడ్డాడు.

ఏసీ ఆపాలంటే శ్రీకాంత్ ససేమిరా అన్నాడు. “ఏసీ బంద్ చేస్తే వేగం కొలిచే మెషీన్ రీడింగ్ తప్పుతది అక్కా. మనుషులు గూడ ఉడికిపోతరు.”

“వేగం ఎవరడిగారు? ఆవిడకు కావలసింది కాగితం మీద చిల్లులే. మెషీన్ కట్టేద్దాం. మనుషుల సంగతంటావా, నాకేం అభ్యంతరం లేదు,” అన్నాను.

చివరికి అతను ఏసీ ఆపే ఆర్డరు మీద సంతకం పెట్టాడు.

శుక్రవారం పొద్దున్నే ఏసీ ఆపి, పొగను లాగే ఫ్యాన్లు మాత్రం ఉంచి, బయటి గాలి లోపలికి వచ్చేలా తెరిచాం. చెవులకు మోత ఆపే మఫ్లర్లు, కళ్లకు అద్దాలు, ఒళ్లంతా చెమట. నూర్ తల మీది గుడ్డ అంచుతో ముఖం ఒత్తుకుంటూ వెనక నిలబడింది. మేము కట్టిన మోతాదుల్లో మధ్యదాన్ని ఎంచాను. టాన్ ఇసుక సంచుల మీద రైఫిల్ ఆనించి పేల్చడం మొదలుపెట్టాడు. తుడవలేదు, ఊదలేదు. నాలుగోది పేలగానే నేను గురి కాగితాన్ని చూపించే కెమెరా తెర వైపు చూశాను. ఏమీ కనిపించలేదు. కెమెరా అద్దం మీద మసి, గది నిండా పొగ. పదోది పేలాక కూడా ఫ్యాన్లు పొగను లాగేదాకా ఎవరూ కదలడానికి లేదు. అది నియమం. ఆ కాసేపట్లో శ్రీకాంత్ మూడుసార్లు, అయిపోయిందా అక్కా, అని అడిగాడు.

తీరా వెళ్లి చూస్తే పది చిల్లులు కనిపించలేదు. అంచులు చిరిగిన ఒక పెద్ద చిల్లు, దాని పక్కనే విడిగా రెండు. నూర్ తన కాఫీ కప్పు బోర్లించింది. మూడూ దాని కింద మాయమయ్యాయి. మరోసారి ఎత్తి చూసి, మళ్లీ బోర్లించింది. శ్రీకాంత్ చెవి మఫ్లర్లతోనే రెండు స్టెప్పులేశాడు. నేనూ, నూర్ చేతులు పట్టుకుని, నల్లబడిన ముఖాలతో, ఎందుకో తెలియకుండా నవ్వుతూ ఉండిపోయాం. టాన్ మాత్రం ముందు తుపాకి శుభ్రం చేసి, ఆ తర్వాత నవ్వాడు. మిగిలిన మందు అప్పగించి, నలుగురం ఆ అవతారాలతోనే తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌కు వెళ్లాం. టేబుల్ పట్టుకోవడానికి ఎవరూ రుమాలు వేయాల్సిన పని పడలేదు. మమ్మల్ని చూసి పక్కవాళ్లే లేచారు.

గోడ మీదికి చివరికి నూర్ రాయించిన వాక్యమే ఎక్కింది: ‘పొగ ఎక్కువే, గురి తక్కువ కాదు.’

మందు, గుండు, కొవ్వు, అట్టబిళ్ల అన్నీ ఒక్కొక్కటిగా మార్చి చూసిన నేను, గదిని మార్చవచ్చని చివరిదాకా అనుకోలేదు. ఎప్పుడూ ఒకేలా ఉండేది కాబట్టి అది పరీక్షలో భాగమేనని నాకు తోచలేదు. పరికరం ఏ గాలిలో పనిచేయాలో ఆ గాలిలోనే దాన్ని పరీక్షించాలి. ఉద్యోగంలో మిగిలిన కాలమంతా నేను తయారు చేసిన ప్రతి పరీక్షా విధానంలో తేమ గురించి ఒక నిబంధన చేర్చాను.