‘గారు’ తీసేయించిన మేడమ్

మా వీధి నెట్ సెంటర్ మేడమ్ మంగళవారం తెల్లవారుజామున పోయింది. గుండె ఆగిందన్నారు. వయసు ముప్పై ఎనిమిది. సోమవారం సాయంత్రం ఐదున్నరకు నాతో నవ్వుతూ మాట్లాడిన మనిషి. ఈ నాలుగు వాక్యాలూ సరిగ్గానే ఉన్నాయా అని ఎన్నిసార్లో చదువుకున్నాను. అక్షరదోషం ఒక్కటీ లేదు. నమ్మకమే కుదరడం లేదు.

తిరుపతిలో రేణిగుంట రోడ్డు నుంచి మా వీధిలోకి తిరగగానే ఆమె సెంటర్. మూడు కంప్యూటర్లు. మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా, కంప్యూటర్ ముట్టని ఆడవాళ్లకు ఉచితంగా నేర్పేది. వాళ్లు సరస్వతి ఉండే చోటని చెప్పులు బయటే, మా గేటుకు అడ్డంగా విడిచేవాళ్లు. అదేమిటని అడగడానికి నేను తగువుకే వెళ్లాను. “తగువు మూడు గంటలకు పెట్టుకుందాం అవ్వా, అంతదాకా ఈమెకు ఏబీసీడీలు చెప్పండి” అని నన్నొక స్టూలు మీద కూర్చోబెట్టింది. ఏడాదిన్నర ఆ స్టూలు మీదే ఉన్నాను.

ఆమెలో నాకు నచ్చని అలవాటు ఒకటుండేది. మౌసు పట్టుకున్నవాళ్లు ఎంత తడబడినా తను తాకేది కాదు. తప్పు నొక్కుతున్నారని నేను చెయ్యి చాపితే పట్టుకుని ఆపేది. “తప్పు కూడా వాళ్లనే చేయనీండి” అనేది.

ఏర్పేడు నుంచి వచ్చి పూలు కట్టే ఒకామె మా దగ్గర నేర్చుకునేది. భర్త కువైట్ పోయినాడు. ఎనిమిది నెలలుగా ఉత్తరం లేదు, ఫోనూ లేదు. ఉన్నాడో, తనను వదిలేసినాడో తెలియదు. అక్కడినుంచి వచ్చిన ఊరివాడొకడు అతని మెయిల్ అడ్రసు చెప్పాడు: అతని పేరు, దాని వెంట ఊరి పేరు. మొగుడి పేరు నోటితో పలకని మనిషి ఆమె. సోమవారం నేను ఎంత గదమాయించినా పెదవి విప్పలేదు. “అనొద్దులే అక్కా, వేలితో కొట్టు” అంది మేడమ్. అడ్రసూ, దాని కింద ఉత్తరమూ ఒక్కో అక్షరం వెతికి కొట్టి పంపింది. నిమిషంలో ఆ ఉత్తరం తిరిగొచ్చింది.

“ఇప్పి సూడను కూడా లేదు, తిప్పి పంపేసినాడు” అని ఆమె కూలబడింది.

మేడమ్ తెరకు ముఖం ఆనించినట్టుగా వంగి చూసింది. భర్త పేరు పక్కన జీ, ఏ, ఆర్, యూ.

“ఆ గారు తీసేయ్ అక్కా.”

“ఒట్టి పేరు పెట్టి పిలిస్తే ఏమనుకుంటాడమ్మా?”

“పిలవడం లేదు. ఇంటి నంబరు రాస్తా ఉండాం, అంతే. మర్యాదంతా లోపల రాసుకో.”

ఆమె వేలితోనే ఆ నాలుగు అక్షరాలూ చెరిపించి, ఉత్తరం మళ్లీ మొదటినుంచి రాయించి పంపేసరికి, మూడింటికి ముగియాల్సిన పాఠం ఐదున్నర దాకా సాగింది. ఈసారి తిరిగి రాలేదు.

గురువారం మేడమ్ తమ్ముడు షట్టర్ తీసి మమ్మల్ని కూర్చోనిచ్చాడు. పూలామె తనే మెయిల్ తెరిచింది. జవాబు వచ్చి ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. నేను చదివి వినిపించాను. చెయ్యి విరిగి, పని పోయి, ఏ ముఖం పెట్టుకుని రాయాలో తెలియక ఊరుకున్నాడట. చివరి వాక్యం: “నీకు ఇది నేర్పించినామెకు నా నమస్కారం చెప్పు.”

దాన్ని రెండోసారి చదవమంది. నా వల్ల కాలేదు.

ఆమె లేచి తిన్నగా మేడమ్ ఇంటికి నడిచింది. వెనకే నేను. గడపలో కూర్చున్న మేడమ్ తల్లి ముందు వంగి, “మా ఆయన కువైట్ నుంచి నమస్కారం చెప్పమన్నాడమ్మా” అంది. ఆ ఆయన ఎవరో, ఎందుకో ఆ తల్లికి తెలియదు. అయినా చీర చెంగు సర్దుకుని, వీధి వైపు తిరిగి, రెండు చేతులూ జోడించింది.