ఆఖరి వారం రాని సీరియల్

మొన్న మా వీధి గోడకు సినిమా పోస్టరు అంటిస్తుంటే, ఉడికించిన మైదా జిగురు వాసన గుప్పున తగిలి, కూరల సంచితో అక్కడే నిలబడిపోయాను. నాకది గోడల వాసన కాదు, నవలల వాసన.

అల్లూరులో మా ఇంట ఎండాకాలం వచ్చిందంటే, అమ్మ చెల్లెలు రమణ పిన్నమ్మ, ఏడాదంతా వారపత్రికల్లోంచి చింపి దాచిన సీరియల్ కాగితాలు ఇంటిముందు పంచలో పరిచి, గోనెసంచులు కుట్టే దబ్బనంతో పొడిచి, పురికొసతో కుట్టి, పాత క్యాలెండర్ అట్టలకు మైదా జిగురు పూసి పుస్తకాలు చేసేది. ఆ జిగురు ఆరేదాకా ఆగే ఓపిక నాకెక్కడిది? ప్రతి అట్ట మీదా నా వేలిముద్రలే. ఇద్దరికీ ఒకే రచయిత్రి పిచ్చి. పేరు కూడా అక్కర్లేదు, "ఆమె" అంటే చాలు.

నాకు పదకొండేళ్లప్పటి వేసవిలో ఆమె నవలలు ఏడు, ఒకదాని వెనక ఒకటి చదివేశాను. పక్కింటి వాకిట్లో ఎండే రొయ్యల వాసన మధ్య, నిన్నటి చేపల పులుసు అన్నంలో కలుపుకుని, ఎడమచేత్తో పేజీలు తిప్పుతుంటే, "కంచంలో చూసి తినవే, ముల్లు గుచ్చుకుంటాది" అని అమ్మమ్మ అరిచేది. నిజంగానే గుచ్చుకునేది. ఉత్త అన్నం ముద్ద మింగి, మళ్లీ అదే పేజీకి! అంత సంబరం ఆ తర్వాత ఏ పుస్తకమూ ఇవ్వలేదు.

ఏడో నవల మాత్రం చివర్లో ఆగిపోయింది. తనతో ఏళ్ల తరబడి మాటల్లేని అక్క ఇంటికి వచ్చి, తలుపు తట్టడానికి కథానాయిక సుజాత చెయ్యెత్తింది. అంతే. ఆ ఆఖరి వారం తుఫానుకు రోడ్డు మునిగి నెల్లూరు బస్సు రాలేదు, పత్రికా రాలేదు. నేను అన్నం మానేసి ఏడ్చాను.

"ఏడవబాక మే. కోట ఊర్లో నా స్నేహితురాలి కాడ ఆ పత్రిక ఉండాది, పోయి రాసుకొస్తా" అంది పిన్నమ్మ.

బస్సులు మళ్లీ నడిచిన రోజు పొద్దున ఎక్కి, సాయంత్రానికి పది నోటుబుక్కు కాగితాలతో దిగి, వాటినీ దబ్బనంతో కుట్టేసింది. అక్క తలుపు తీసింది! ఎన్నాళ్ల కోపమో, ఒక్క మాటా అనకుండా, "కాళ్లు కడుక్కో, అన్నం పెడతా" అంది. నేను ఎగిరి గంతేశాను. ఆ పుస్తకం మా వీధంతా తిరిగింది, చదివిన ఆడవాళ్లందరూ ఆ మాట దగ్గర కళ్లు తుడుచుకున్నారు. చివరికి ఎవరింట్లోనో ఉండిపోయింది.

పోస్టరు చూసిన రోజే ఆ నవల అచ్చుప్రతి కొనుక్కొచ్చి, ఆత్రం పట్టలేక నేరుగా ఆఖరి పేజీలు తీశాను. అందులో సుజాత తలుపు తట్టనే లేదు. ఎత్తిన చెయ్యి దించి, వెనక్కి వెళ్లిపోయింది. వెంటనే నెల్లూరులో ఉంటున్న పిన్నమ్మకు ఫోన్ చేశాను.

"ఆ ముగింపు నువ్వే రాసినావా పిన్నమ్మా?"

పిన్నమ్మ పకపకా నవ్వింది. "నువ్వు అన్నం తినకుంటే ఏం జేసేది మే? తీరా పోతే నా స్నేహితురాలి కాడా ఆ పత్రిక లేదు. కోట బస్టాండులో కూర్చోని నేనే రాసినా. ఏం రాసినానో ఇప్పుడు ఒక్క ముక్కా గుర్తులేదు. నీకేమన్నా గుర్తుండాదా?"

ఆ పంచ ఇప్పుడు లేదు. ఆ వారపత్రిక మూతపడింది. ఆ పది కాగితాలు ఎవరింట్లో చెదలు తిన్నాయో. కానీ నాకు ప్రతి వాక్యమూ నోటికొచ్చు. సుజాత చెయ్యెత్తిన చోట మొదలుపెట్టాను. అక్క తలుపు తీసిందనేదాకా చెప్పి, కళ్లు తుడుచుకోవడానికి ఆగాను.

అవతల నుంచి పిన్నమ్మ ఆత్రంగా, "ఆపినావేం? చెప్పు మే, ఏమన్నాది వాళ్లక్క?" అంది.